రెండు పెట్టెలు, ఒక కుర్చీ

పెన్నేటి మీద ఒట్టు, ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. ఎండిపోయిన ఏటి మీద ఒట్టేస్తే చెల్లుతుందా అని అడిగేవాళ్లు మా ప్రొద్దుటూరులో ఉన్నారు. వాళ్ల కోసం ఇసక మీద కూడా వేస్తున్నాను. ఇసక కూడా టిప్పర్లెక్కి పోతోంది గదా అంటే, మిగిలిన ఇసక మీద. నేను బట్టలంగట్లో చీరలు పరిచి చూపించి బతికేవాణ్ణి. చీర గురించి చెప్పేటప్పుడు మాట కాస్త సాగుతుంది, కాదనను. సాగకపోతే చీర పోదు. కానీ ఇది చీర సంగతి కాదు, మా అత్త సంగతి. అత్త విషయంలో అబద్ధమాడే ధైర్యం ఏ అల్లుడికి ఉంటుంది?

ఆమెను నేను ఫొటోలో తప్ప చూడలేదు. మా పెళ్లికి ముందు సంవత్సరమే పోయింది. జమ్మలమడుగు చర్చిలో పాడేదని, ఆమె పాడుతుంటే వెనక వరసలో పిల్లలు కూడా గిల్లుకోవడం ఆపేవాళ్లని విన్నాను. ఫొటో మా ఇంట్లోనూ ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అప్పట్లో ఫోన్లు గోడకు కట్టేసి ఉండేవి, మాట్లాడ్డానికే గానీ మాట దాచుకోవడానికి పనికొచ్చేవి కావు.

ఒకరోజు మా ఆవిడ చాటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండానే అంది.

“మా అమ్మ మొగం గుర్తుండాది. చేతులు గుర్తుండాయి. గొంతు మర్చిపోతాండా. నన్ను పిలిస్తే ఎట్లుండేదో నిన్నంతా గుర్తు చేసుకుంటే రాల్యా.”

దేనికైనా వెంటనే మాట తిరిగివ్వగలనని అంగట్లో నాకు పేరు. ఆ పూట మాత్రం పక్కన కూర్చుని నేనూ కాసేపు రాళ్లు ఏరాను.

తర్వాత కొన్నాళ్లకే మా మామ ఫోనుకు ఒక పాట వచ్చింది. పాత కీర్తనలు పోగుచేసుకుంటూ ఊర్లు తిరిగే ఒకాయన, అత్త ఉన్న రోజుల్లో జమ్మలమడుగు వచ్చి, చర్చిలో పాడేవాళ్లందరినీ నెలవంక మాదిరి నిలబెట్టి, ముందర రెండు మైకులు ఎడంగా పెట్టి ఒక కీర్తన పట్టుకుపోయాడట. ఇన్నేళ్లకు ఆ టేపులన్నీ కంప్యూటరుకెక్కించి, ఎవరి పాట వాళ్లకు పంపుతున్నాడు. మామ దాన్ని కూతురికీ కొడుక్కీ పంపాడు. ఆ పాడేవాళ్లలో అత్త కూడా ఉందని చెప్పాడు. ఇక వినడమే తరువాయి.

ఆ వినడం దగ్గరే తంటా వచ్చింది. అది అర్థం కావాలంటే మామ చేసిన పంపకాలు తెలియాలి.

మా మామ బడి పంతులుగా చేసి దిగిపోయిన మనిషి. సుద్దముక్కను కూడా సరిగ్గా నడిమికి విరుస్తాడు. అత్త పోయి, మా పెళ్లయి, బామ్మర్ది తన అత్తగారి బత్తాయి తోట, మా మాటల్లో చీనీ తోట, చూసుకోవడానికి పులివెందులకు పోతున్నప్పుడు, ఇంట్లో సామానంతా ఇద్దరు పిల్లలకూ సమంగా పంచాడు. బిందెలు రెండు, చెరొకటి. మంచాలు రెండు, చెరొకటి. పాటలు వినే స్టీరియోకు పెట్టెలు కూడా రెండే ఉన్నాయి. ఎడమ పెట్టె కూతురికి, కుడి పెట్టె కొడుక్కి, యాంప్లిఫయరు తనకు. కాడెద్దుల జతను విడదీయకూడదని మా సీమలో నడక రాని బిడ్డకు కూడా తెలుసు. పాట పెట్టెల జతను విడదీయకూడదని మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఎంత న్యాయంగా పంచినాడో చూడండని బంధువులు మెచ్చుకుని పోయారు.

అట్లా మా ఇంట్లో ఒక పెట్టె, పులివెందులలో ఒక పెట్టె, చెరొక చిన్న యాంప్లిఫయరుకు తగిలించుకుని బతుకుతున్నాయి. పాట వచ్చిన రోజు మా ఆవిడ మా పెట్టెలో దాన్ని ఆసాంతం విని, తమ్ముడికి ఫోను చేసింది.

“ఒరే, అంతా ఆడోళ్లే పాడినారు. ఒక్కొక్కర్ని గుర్తుపట్టినా. అమ్మ గొంతు మాత్రం ల్యాదు రా.”

“ఆడోళ్లు యాడుండారక్కా? అంతా మొగోళ్లే గదా. నాయన గూడా ఉండాడు.”

“చెవుల్లో గుగ్గిళ్లు పెట్టుకున్నావా?”

“నీకే వేరే పాట వచ్చింటాది. నాయన నీకొకటి నాకొకటి పంపించినాడేమో. ఆయప్ప పంపకాలు తెలుసు గదా.”

పాట ఒకటే. చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చోవడం వాళ్లకు అలవాటు. మైకుల ముందర నిలబడ్డప్పుడు కూడా అట్లాగే నిలబడ్డారు. ఎడమ మైకులో పడినవాళ్లు ప్రొద్దుటూరులో పాడుతున్నారు, కుడి మైకులో పడినవాళ్లు పులివెందులలో పాడుతున్నారు. మామ చర్చి పాటను కూడా సమంగా పంచేశాడు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పోయేదానికి ఇంత రభస దేనికని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మా ఆవిడ పెట్టుకుని వింది. ఎడమ చెవిలో ఆడవాళ్లు, కుడి చెవిలో మగవాళ్లు, నడిమిన తేనెతుట్టె కదిలినట్టు రొద. తీసి చాటలో పడేసింది.

“అందరూ తలకాయలో దూరి పాడతాండారు. అమ్మ నా తలకాయలో ఎప్పుడూ ఉండేదే. నాకు ఇంట్లో గావాల.”

అదిగో, ఆ మాటకు నా దగ్గర జవాబుంది. అంతకు ముందు మా అంగడికి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. బదిలీ మీద ప్రొద్దుటూరు వచ్చినాయన. మందపాటి పరదా గుడ్డ కావాలన్నాడు. కిటికీ కొలతలు చెప్పు సార్ అంటే, కిటికీకి కాదు గోడకు అన్నాడు. గోడకు పరదా కట్టే మనిషిని వదిలిపెట్టేవాణ్ణి కాదు గదా, గుడ్డ నేనే మోసుకుని వాళ్లింటికి పోయాను. ఆయన నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాడు. ఎదురుగా రెండు పెట్టెలు. పాడేమనిషి మాత్రం ఆ రెంటిలోనూ లేదు. నడుమ, గాలిలో, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి పాడుతోంది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. నేను లేచి పరదా ఎత్తి చూశాను, మంచం కింద చూశాను, ఆఖరికి వాళ్ల వంటింట్లోకి కూడా పోయి చూసొచ్చాను. ఆయన భార్య నాకు కాఫీ ఇచ్చి పంపింది.

ఆ కిటుకు ఆయనే చెప్పాడు. రెండు పెట్టెలు, కుర్చీ, మూడూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉండాలి. పెట్టెలు గోడకు ఆనకూడదు. చెవి ఎత్తులో ఉండి కొంచెం కుర్చీ వైపు మొగం తిప్పుకోవాలి. గోడలు నున్నగా ఉంటే పాట తగిలి వెనక్కొచ్చి కలగాపులగం చేస్తుంది, గుడ్డ కడితే ఊరుకుంటుంది. ఇవన్నీ కుదిరితే, రెండు పెట్టెల్లోనూ సమంగా ఉన్న గొంతు రెంటినీ వదిలి నడిమికొచ్చి నిలబడుతుంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో, “మీ అమ్మను నడింట్లో నిలబెడతా, చూడు,” అన్నాను.

“నువ్వు నూలు చీరను పట్టుచీరంటావు. నిన్ను నమ్మాల్నా?” అంది. కానీ చాట పక్కన పెట్టింది.

ముందు పులివెందుల పోయి కుడి పెట్టెను తేవాలి. తీరా పోయి చూస్తే బామ్మర్ది ఇంట్లో అది లేదు. తోటలో, మోటరు షెడ్డు మీద, ప్లాస్టిక్ సంచీ ముసుగేసుకుని కూర్చుని కుక్కలు మొరిగినట్టు మొరుగుతోంది. చీనీ చెట్ల పక్కన వేసిన అరటిని అడవిపందులు తవ్వుతున్నాయని, ఫోన్లో కుక్కల అరుపులు పెట్టి పెట్టెలో వదులుతున్నాడు.

“పనిచేస్తాందా?” అని అడిగాను.

“మొదట్లో పారిపోతాండె బావా. ఇప్పుడు పిల్లల్ని గూడా పిల్చుకొచ్చి కూర్చుంటాండాయి. అరుపు ఆగితే మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నట్టు చూస్తాయి.”

మాట సాగదీసే విద్య అత్తగారి వంశంలో కూడా ఉందని తెలిసి సంతోషం వేసింది. అసలు పని చెప్పాను. అతను అరటి వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు.

“ఒక్క ఆదివారం అంతే బావా. సోమవారం పొద్దునకల్లా పెట్టె ఈడుండాల. గెలలు దిగే టైము.”

“ఒక్క ఆదివారం చాలు.”

పెట్టెను ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు బస్సులో తెచ్చాను. పక్క సీట్లో కూర్చోబెట్టినందుకు కండక్టరు దానికి టికెట్ అడిగాడు. లోపల ఉన్నది ఆడమనిషి, టికెట్ అక్కర్లేదు గదా అన్నాను. చెవి ఆనించి విని, మగోళ్ల గొంతులు కూడా వినపడుతున్నాయన్నాడు.

ఆదివారం ఆరాధన అయిపోయి, అన్నాలు తిని, నలుగురం జమ్మలమడుగులో మామ ఇంట్లో చేరాం: మామ, ప్రొద్దుటూరు పెట్టెను ఒళ్లో పెట్టుకొచ్చిన మా ఆవిడ, బామ్మర్ది, నేను. ఎండకు వీధిలో కుక్క కూడా కదలడం లేదు. అంత నిశ్శబ్దం మాకు కావలసిందే. మామ అటక మీది నుంచి యాంప్లిఫయరు దించి తుడిచాడు. తీగె తగిలిస్తే ఒకసారి దగ్గి, ఎర్ర దీపం వెలిగించుకుంది.

నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మామ రెండు పెట్టెలనూ వాకిలికి అటూ ఇటూ గోడ గూళ్లలోకి ఎక్కించి, మొగాలు వీధి వైపు తిప్పేశాడు.

“మామా, మనం వినాల. వీధికి కాదు.”

“పాటనేది పదిమంది వినేదానికే గదా అల్లుడా. ఇంట్లోకి తిప్పుకుని వినేది ఏం మర్యాద?”

అది మామ ఒక్కడి మాట కాదు. మా పక్క పెండ్లయినా, ప్రార్థన కూటమైనా పెట్టెల మొగం బయటికే. లోపల ఉన్నవాళ్లకు వీపు చాలు. ఆయన్ని ఒప్పించి గూళ్లలోంచి దింపడానికి మజ్జిగ రెండు విడతలు తాగాల్సి వచ్చింది. దింపి మూలల్లో పెడితే మగవాళ్లంతా బానలో తలలు దూర్చి పాడినట్టు గుంయ్‌మని మోగింది. గోడకు ఎడంగా లాగి, బడిలోంచి మామతో పాటు రిటైరైన రెండు స్టూళ్ల మీద పెట్టాం. మరి కుర్చీ ఎక్కడ? టేపు లేదు. మా ఆవిడ దండెం మీది చీర తెచ్చింది. దాన్ని సరిగ్గా మూడు మడతలు వేసి, మడత పొడవును బట్టి పెట్టెకూ పెట్టెకూ నడుమ ఒకటి, ఒక్కో పెట్టె నుంచి కుర్చీకి ఒక్కొక్కటి కొలిచాం. ఇన్నేళ్లు చీరలు అమ్మినందుకు చీర నాకు ఒక ఉపకారం చేసింది. పెట్టెల కాళ్ల చుట్టూ మామ సుద్దతో గీతలు గీశాడు. కడప బండల నేల మీద జంపఖానా పరిచి, పక్క గోడలకు బొంతలు వేలాడదీశాం. ఇల్లు దుప్పటి కప్పుకున్న మనిషి మాదిరి సద్దుమణిగింది.

నేను పెట్టెను వేలిగోరంత తిప్పితే పాడేవాళ్లు పక్కింట్లోకి పోయారు, ఇంకో గోరంత తిప్పితే తిరిగొచ్చారు. కావాలంటే ఆ పక్కింటివాళ్లను అడగండి.

మా ఆవిడ కుర్చీ వెనక నిలబడి వింది. పాట పెద్దదయింది, ఇల్లంతా నిండింది. ఎడమ ఆడవాళ్లు, కుడి మగవాళ్లు. నడిమిన మాత్రం ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా కాదు, అక్కడేదో గొయ్యి తవ్వినట్టు ఉంది. గొంతులన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి గానీ దిగడం లేదు. చీర మళ్లీ మడిచాం, కుర్చీ జరిపాం, పాట మళ్లీ పెట్టాం. అదే గొయ్యి.

“చాల్లే,” అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది, అది నాకు మరీ కష్టంగా అనిపించింది. “అమ్మ ఆపొద్దు పాడల్యాదేమో. నిల్చుకున్న్యాది, అంతే. పెట్టెలు సర్దండి.”

బామ్మర్ది తన పెట్టె దగ్గరికి పోయి వెనక్కి వంగాడు. వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు.

“బావా, దీనికి ఎర్ర తీగె, నల్ల తీగె అని ఉంటాయా?”

“ఎందుకు?”

“షెడ్డు కాడ పీకి మళ్లీ తగిలించినా. ఏది యాడుండెనో సూసుకోలా. ఈడ గూడా అట్లే తగిలించినా. పందుల మీదికి కుక్కల అరుపులు వదిలేదానికి ఎర్రదయితేనేం, నల్లదయితేనేం?”

“కుక్కల అరుపులా?” అన్నాడు మామ. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తెలీదు. “దేవుని పాటలు పాడిన పెట్టెతో కుక్కల్ని అరిపిస్తాండావా?”

“కుక్కలు గూడా దేవుడు చేసినవే గదా నాయనా.”

ఆ వాదం తర్వాత తేల్చుకోమని, తీగెలు మార్చాను. తీగెలు అటూ ఇటూ అయితే ఒక పెట్టె ఊపిరి వదిలేటప్పుడు రెండోది పీల్చుకుంటుంది. నడిమి గొంతును రెండూ కలిసి మింగేస్తాయి. బ్యాంకాయన ఆ మాట చెప్పనే చెప్పాడు, నేనే కాఫీ మీద ధ్యాసలో వదిలేశాను.

ఇప్పుడు కుర్చీ. మామ నా భుజం పట్టుకున్నాడు.

“కూర్చో అల్లుడా.”

“నేనా?”

“ఇంటల్లుడు నిలబడి, ఇంట్లోవాళ్లు కుర్చీలో కూర్చుంటే బాగుండదప్పా. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?”

ఆ ఇంట్లో మంచి కుర్చీ ఎప్పుడూ నాదే. పెళ్లినాటి నుంచి నేను అందులో కూర్చుంటే తప్ప మామ కూర్చోడు. ఆ రోజు మాత్రం మా ఆవిడ చెయ్యి పట్టి అందులో కూర్చోబెట్టి, నేను పోయి గుమ్మంలో నిలబడ్డాను. మామ మొగం చిట్లించుకున్నాడు.

పాట మొదలైంది. ఆడవాళ్లు ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క, ఎవరి చోట వాళ్లు చాప పరుచుకున్నట్టు సర్దుకున్నారు. మా ఆవిడ చూపు ఎడమ పెట్టె మీదే ఉంది. అమ్మ ఆడవాళ్లలోనే గదా ఉండాలి. రెండో చరణం దగ్గర తల తిప్పింది. సూటిగా ముందుకు. అక్కడ పెట్టె లేదు. తాగే నీళ్ల క్యాను ఉంది, దాని మీద బోర్లించిన గ్లాసు ఉంది. ఆమె ఆ క్యానునే చూస్తూ ముందుకు వంగింది.

“ఈడుండాది,” అంది. “నాయనా, అమ్మ ఈడుండాది. నడుమ.”

గుమ్మంలో ఉన్న నాకూ వినిపించింది. నేననుకున్నంత సన్నటి గొంతు కాదు. కొంచెం బొంగురు. పై స్థాయికి పోయేటప్పుడు మెట్టెక్కే మనిషి మాదిరి ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కుతుంది. మాట చివర నవ్వు ఆపుకున్నట్టు ఉంటుంది.

“ప్రతి లైను ముందర ఎవురో గుసగుసలాడతాండారు,” అంది మా ఆవిడ.

మామ బొంత పక్కన గోడకు ఆనుకున్నాడు.

“నేనేమ్మా. మీ యమ్మకు అద్దాలు పెట్టుకునేదానికి నామోషీ. ముసల్దాని మాదిరి ఉంటానని. పుస్తకంలో అచ్చరం కనపడదు. అందుకే ఆడోళ్ల కొసకొచ్చి, మొగోళ్ల కొసన నా పక్కన నిల్చుకునేది. లైను లైనూ నేను అందిస్తాంటి.”

ఆడవాళ్ల వరస ముగిసి మగవాళ్ల వరస మొదలయ్యేచోట నిలబడింది మా అత్త. రెండు మైకులకూ సమానంగా దూరం. సగం ప్రొద్దుటూరుకు పోయి, సగం పులివెందులకు పోయి, గుంపులో కలిసిపోయి ఏ ఇంట్లోనూ నిలబడలేకపోయింది. మా ఆవిడ వెతికిన వరసలో ఆమె లేదు.

తర్వాత మామ కూర్చున్నాడు. పాట నడుస్తుంటే ఆయన పెదాలు కదిలాయి. పాటతో పాటు కాదు, పాటకు ఒక లైను ముందు. ఆ తర్వాత బామ్మర్ది కూర్చున్నాడు. పాట అయిపోయాక కూడా లేవకుండానే, “పందులకు రేకు స్పీకరొకటి తగిలిస్తాలే. వాటికి ఇంత పెట్టె దేనికి?” అన్నాడు. ఆ పెట్టె మళ్లీ పులివెందులకు పోలేదు. మాది కూడా ప్రొద్దుటూరుకు రాలేదు.

ఇక నా వంతు. కుర్చీ దగ్గరికి పోయి కూర్చున్నాను. కరెంటు పోయింది. మా చివరి బస్సు వేళ దాకా చూశాం, రాలేదు.

ఒట్టు పెన్నేటి మీద వేశాను గనుక, ఇందులో ఏది కల్పించానో కూడా చెప్పేయాలి. పందుల మాట బామ్మర్దిది, దానికి నేను జవాబుదారీ కాదు. కండక్టరు ముద్దనూరు దాకా నిజం. తీగెలు నిజం, నీళ్ల క్యాను నిజం, మామ పెదాలు నిజం. గుమ్మంలో ఉన్న నాకు వినిపించిందన్నానే, అది అబద్ధం. నడిమి గొంతు కుర్చీలో ఉన్నవాళ్లకే నిలబడుతుంది. పక్కకు పోతే మళ్లీ తేనెతుట్టే. నాకు వినిపించింది ఆ తుట్టే. ఆ బొంగురు, మెట్టు దగ్గర ఊపిరి, ఆపుకున్న నవ్వు, అన్నీ మా ఆవిడ తిరుగు బస్సులో ప్రొద్దుటూరు దాకా చెప్పుకుంటూ వచ్చినవి. పిలుపు ఎట్లుండేదో కూడా గుర్తొచ్చిందంది. ఇప్పుడు వంటింట్లోంచి నన్ను అట్లా పిలిచి చూపిస్తోంది. బాగుంది, కానీ అది మా ఆవిడ గొంతే గదా.

మామ ఆ సుద్ద గీతల చుట్టూతా చిమ్ముకుంటున్నాడట, వాటి మీద చీపురు పడనివ్వడం లేదట. వచ్చే ఆదివారం మొదట అల్లుడే కూర్చోవాలని ఫోను చేసి చెప్పాడు. అత్తను మొదటిసారి కలవడానికి పోతున్నాను గనుక అంగట్లోనే ఒక కొత్త చొక్కా తీసుకున్నాను. రంగు కొంచెం గాఢమైందని మా ఆవిడ అంటోంది. పర్వాలేదు, ఆమెకు అద్దాలు లేవు.